సూక్ష్మజీవి గ్రహాలు దాటగలదు, దాటిందని తేల్చడమే కష్టం

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పక్కనున్న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం పరిశోధన బెలూన్లు ఎగరేయబోయే ముందు పత్రికల్లో ఒక ప్రకటన వస్తుంది. రంగుల పారాచూట్లతో ఆకాశం నుంచి పెట్టెలు దిగవచ్చు, వాటిని విప్పొద్దు, కదిలించొద్దు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో పోస్టాఫీసుకో కబురు చేయండి, తగిన బహుమతి ఇస్తాం అన్నది దాని సారాంశం. ఏయే జిల్లాల్లో దిగవచ్చో చెప్పే జాబితాలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పేర్లు ఉంటాయి. పలుచని పాలిథీన్ పొరతో చేసి, హైడ్రోజన్ నింపి వదిలే ఈ బెలూన్లు 30 నుంచి 42 కి.మీ. ఎత్తు దాకా పోతాయి. పని అయ్యాక పెట్టె విడిపోయి గాలి ఎటు తోస్తే అటు దిగుతుంది, అది పత్తి చేనైనా సరే, కంది చేనైనా సరే. 2022 డిసెంబరులో పక్కనే ఉన్న వికారాబాద్ జిల్లాలో ఒక పెద్ద గోళం ఇలాగే పొలంలో దిగితే చుట్టుపక్కల ఊళ్ళ జనం ఎగబడ్డారు. గ్రహాంతరవాసుల వాహనమని పుకారు లేచింది. తీరా చూస్తే అది స్పెయిన్‌కు చెందిన అంతరిక్ష పర్యాటక కంపెనీ పరీక్ష కోసం పంపిన ఖాళీ క్యాబిన్.

పుకారు సంగతి అలా ఉంచితే, ఇదే కేంద్రం నుంచి 2001 జనవరిలో ఒకసారి, 2005 ఏప్రిల్‌లో ఇంకోసారి ఎగిరిన బెలూన్లు నిజంగానే గ్రహాంతర జీవం ఆనవాళ్ళ కోసం వెళ్ళాయి. గాలిలో 41 కి.మీ. ఎత్తున సూక్ష్మజీవులున్నాయా, ఉంటే అవి నేల నుంచి పైకి పోయినవా, పైనుంచి కిందికి వస్తున్నవా అన్నది ఆ ప్రయోగాల ప్రశ్న. జయంత్ నార్లికర్, చంద్ర విక్రమసింఘే లాంటి పేరున్న శాస్త్రవేత్తలు వాటి వెనక ఉన్నారు. ఇస్రో డబ్బు పెట్టింది. ఆ ప్రయోగాల్లో ఏం దొరికిందో, దొరికినదాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తేలాలంటే ముందు అసలు సంగతి చూడాలి. ఒక గ్రహం మీది బ్యాక్టీరియా ప్రాణంతో ఇంకో గ్రహానికి చేరగలదా?

ఈ ఆలోచన పాతదే. 1871లో బ్రిటన్‌లో లార్డ్ కెల్విన్ ఒక సభలో మాట్లాడుతూ, బద్దలైన లోకాల ముక్కలు ఉల్కలుగా వచ్చి భూమికి జీవబీజాలు మోసుకొచ్చి ఉండవచ్చన్నాడు. 1903లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ మరో దారి చూపించాడు. రాయి అక్కర్లేదు, సూక్ష్మజీవి సిద్ధబీజం (గట్టి కవచంలో ముడుచుకుని నిద్రపోయే రూపం, ఇంగ్లిష్‌లో స్పోర్) ఎంత తేలికంటే నక్షత్రకాంతి ఒత్తిడే దాన్ని గ్రహం నుంచి గ్రహానికి తోసుకుపోతుందన్నాడు. లెక్క బాగానే కుదిరింది. ఆయన పట్టించుకోనిదల్లా ఆ సూర్యకాంతిలోనే ఉన్న అతినీలలోహిత కిరణాలను. గాలి పొర అడ్డం లేనిచోట నగ్నంగా ఉన్న బ్యాక్టీరియా వాటికి నిమిషాల్లోనే చచ్చిపోతుంది. తోసే చెయ్యే పీక నులిమేస్తుందన్నమాట. అందుకే ఇప్పుడు గంభీరంగా చర్చకు వచ్చేది కెల్విన్ చెప్పిన దారే: రాయి లోపల దాక్కుని ప్రయాణం. బుద్ధిజీవులెవరో కావాలనే వ్యోమనౌకలో బీజాలు పంపారని ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్ 1973లో ఒక ప్రతిపాదన చేశారు కానీ, దాన్ని పరీక్షించే మార్గం లేదు కాబట్టి ఇక్కడితో వదిలేయవచ్చు.

రాయి ప్రయాణం జరుగుతుందనడానికి రుజువు మన దేశంలోనే పడింది. 1865 ఆగస్టు 25న బిహార్‌లో గయ దగ్గరి షేర్ఘాటీలో సుమారు 5 కిలోల ఉల్క ఒకటి పడింది. అది అంగారకుడి రాయి అని తేలడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలు అక్కడి గాలిలో ఏయే వాయువులు ఏ పాళ్ళలో ఉన్నాయో కొలిచాయి. అంటార్కిటికా మంచులో దొరికిన, షేర్ఘాటీ రాయి తరహాదే అయిన మరో ఉల్కలో చిక్కుకుపోయిన వాయువులు ఆ పాళ్ళతో అచ్చంగా సరిపోయాయి. దాంతో అనుమానం తీరింది. ఇప్పుడు అంగారకుడి నుంచి వచ్చినవాటి జాబితాలో 300కు పైగా రాళ్ళున్నాయి. ఏ వ్యోమనౌకా తేలేదు, వాటంతట అవే వచ్చాయి.

అంగారకుడి గురుత్వాన్ని దాటాలంటే సెకనుకు 5 కి.మీ. వేగం కావాలి. అంత వేగం రాయికి ఇచ్చేది గ్రహశకలం ఢీకొట్టడం ఒక్కటే. ఆ దెబ్బకు రాయి కరిగి ఆవిరి కాదా అన్నది చాలాకాలం ఈ సిద్ధాంతానికి పెద్ద అడ్డంకి. 1980లలో అమెరికా భూభౌతిక శాస్త్రవేత్త జే మెలోష్ దీనికి జవాబు కనుక్కున్నాడు. దెబ్బ నేరుగా పడినచోట రాయి ఆవిరవుతుంది నిజమే. కానీ కాస్త దూరంలో, ఉపరితలానికి ఆనుకుని ఉన్న పలుచని పొరలో పీడన తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. రోట్లో రోకలి పడ్డప్పుడు అడుగున ఉన్న కందులు నలిగిపోతే అంచున ఉన్న గింజ చెక్కుచెదరకుండా ఎగిరి బయట పడుతుంది చూడండి, ఆ పొరలోని రాయి కూడా అలాగే పెద్దగా వేడెక్కకుండానే అంతరిక్షంలోకి లేస్తుంది.

ఇది కాగితం మీది లెక్కగానే మిగిలిపోలేదు. 1984లో అంటార్కిటికాలో దొరికిన ఏఎల్‌హెచ్ 84001 అనే 1.93 కిలోల రాయి 1996లో ప్రపంచమంతా పత్రికల మొదటి పేజీకెక్కింది. అందులో అంగారక సూక్ష్మజీవుల శిలాజాలున్నాయని నాసా శాస్త్రవేత్తలు ప్రకటిస్తే, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా మాట్లాడాడు. ఆ శిలాజాల వాదన తర్వాత నిలవలేదు. జీవం ప్రమేయం లేకుండానే అలాంటి ఆకారాలు, స్ఫటికాలు ఏర్పడగలవని తేలింది. అంత హడావిడి లేకుండా 2000లో వచ్చిన ఇంకో ఫలితం మాత్రం ఈ రోజుకీ గట్టిగా నిలబడి ఉంది. ఆ రాయి లోపలి అయస్కాంత గుణాన్ని పొర పొరగా కొలిచిన బృందం, అంగారకుడి నుంచి ఎగిరినప్పటి నుంచి భూమ్మీద పడేదాకా దాని నడిమధ్య భాగం 40 డిగ్రీల సెల్సియస్ దాటలేదని చూపించింది. మే నెలలో నల్లగొండ ఎండ అంతకన్నా ఎక్కువే. లోపల బ్యాక్టీరియా ఉండి ఉంటే వేడి వల్ల మాత్రం చచ్చేది కాదు.

ఇక దెబ్బ ఒత్తిడి. అంగారక ఉల్కల మీద పడిన పీడనం సుమారు 5 నుంచి 55 గిగాపాస్కల్‌లని ఖనిజాల్లో మిగిలిన గుర్తులు చెబుతున్నాయి. ఒక గిగాపాస్కల్ అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు పదివేల రెట్లు. జర్మనీ పరిశోధకులు రాతి పలకల మధ్య సూక్ష్మజీవులను ఉంచి, పేలుడు పదార్థంతో అలాంటి దెబ్బలు కొట్టి చూశారు. బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాల్లో కొన్ని 40 గిగాపాస్కల్‌లు దాటినా బతికాయి. క్రూకాక్సిడియాప్సిస్ అనే సయనోబ్యాక్టీరియా (మొక్కల్లా ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) మాత్రం 10 దగ్గరే ఆగిపోయింది. సిద్ధబీజంగా మారగల జాతులకు ఇక్కడే పైచేయి వస్తుంది. నీటిని దాదాపుగా వదిలేసి, గట్టి కవచం కట్టుకుని, జీవక్రియ ఆపేసి ముడుచుకుపోయే గుణం వాటికుంది.

భూమి నుంచి బయటికి పోవడం దీనికన్నా కష్టం. సెకనుకు 11.2 కి.మీ. వేగం కావాలి, పైగా దట్టమైన గాలి అడ్డం. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం డైనోసార్లను తుడిచిపెట్టిన సుమారు 10 కి.మీ. గ్రహశకలం లాంటిది పడితేనే మన రాళ్ళు బయటికి లేస్తాయి. అలాంటిది దక్షిణ తెలంగాణలో పడిందనుకుంటే ఎగిరేది 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. రాయిలో ప్రాణమేముంటుందని అనిపించవచ్చు. వందల అడుగుల బోరు వేసినవాళ్ళకు తెలుసు, మన దగ్గర నీరుండేది ఇసుకలో కాదు, రాతి పగుళ్ళలో. చౌటుప్పల్ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ బోర్లు వేసి పరిశీలిస్తున్నదీ గ్రానైట్ పగుళ్ళలో నీరు ఎలా నడుస్తుందన్నదే. నీరు చేరిన ప్రతి పగులూ సూక్ష్మజీవికి ఇల్లే. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 2.8 కి.మీ. లోతున, సూర్యుడితో ఏ సంబంధమూ లేకుండా, రాతి రేడియోధార్మికత నుంచి పుట్టే హైడ్రోజన్ మీద ఆధారపడి బతికే బ్యాక్టీరియా జాతి దొరికింది. కాబట్టి ఎగిరే రాళ్ళలో ప్రయాణికులు లేకపోవడమే వింత.

అసలు చిక్కు ప్రయాణంలో ఉంది. శూన్యం, చలి సిద్ధబీజాలను పెద్దగా ఏమీ చేయవు. 1984లో నాసా కక్ష్యలో వదిలిన ఎల్‌డీఈఎఫ్ అనే ప్రయోగశాల 1990లో వెనక్కి వచ్చేసరికి, దాదాపు ఆరేళ్ళు శూన్యంలో ఉన్న బాసిల్లస్ సబ్టిలిస్ సిద్ధబీజాల్లో చాలా భాగం బతికే ఉన్నాయి, అతినీలలోహిత కిరణాలు తగలకుండా ఉన్నవి మాత్రమే. జపాన్ శాస్త్రవేత్తలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట టాన్‌పోపో పేరుతో ఇంకా ఆసక్తికరమైన పరీక్ష చేశారు. డైనోకాకస్ అనే బ్యాక్టీరియాను రకరకాల మందంతో ఎండబెట్టి, ఉండలుగా చేసి, 2015 నుంచి మూడేళ్ళు బయట ఉంచారు. పైవరస కణాలు చచ్చి గొడుగులా అడ్డుపడితే, అర మిల్లీమీటరు మించిన ఉండల్లో లోపలి కణాలు బతికాయి. అంటే రాయి లేకున్నా, చచ్చినవాటి మాటున బతికినవి కొన్నేళ్ళు ప్రయాణం చేయగలవు. డైనోకాకస్ మామూలు జీవి కాదని గుర్తుంచుకోవాలి. 1956లో రేడియేషన్‌తో శుద్ధి చేసిన మాంసం డబ్బా పాడైపోతే, ఎందుకని వెతికినప్పుడు దొరికింది. మనిషిని చంపే మోతాదుకు వెయ్యి రెట్ల రేడియేషన్ పడినా ముక్కలైన తన డీఎన్‌ఏను మళ్ళీ అతుక్కుంటుంది.

కానీ అంతరిక్షంలో ముడుచుకుని ఉన్న కణం ఆ అతుకు పని చేయలేదు. నీరు లేదు, జీవక్రియ లేదు. దెబ్బలు పోగవుతూనే ఉంటాయి, మరమ్మతు మాత్రం గమ్యం చేరాకే. కాబట్టి ఎన్నేళ్ళు ప్రయాణం అన్నదే అన్నింటినీ తేల్చేస్తుంది. అంగారక ఉల్కలు అంతరిక్షంలో గడిపిన కాలాన్ని వాటిమీద పడిన కాస్మిక్ కిరణాల, అంటే అంతరిక్షంలో దూసుకొచ్చే శక్తిమంతమైన కణాల గుర్తులతో కొలుస్తారు. అది 7 లక్షల ఏళ్ళ నుంచి 2 కోట్ల ఏళ్ళ దాకా ఉంది. ఏఎల్‌హెచ్ 84001 అయితే 1 కోటి 60 లక్షల ఏళ్ళు తిరిగి తిరిగి, సుమారు 13 వేల ఏళ్ళ క్రితం భూమ్మీద పడింది. అంతకాలం బతకాలంటే కాస్మిక్ కిరణాలను ఆపేందుకు చుట్టూ మీటరు దాకా రాయి కావాలి. అంత రాయి ఉంటే లక్షల ఏళ్ళు నెగ్గుకురావచ్చని లెక్కలున్నాయి.

ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. బయటి కిరణాలను రాయి ఆపుతుంది సరే, రాయే కిరణాలు వదిలితే? నాగార్జునసాగర్ పక్కన లంబాపురం, పెద్దగట్టు యురేనియం గనుల గొడవ, అమ్రాబాద్ అడవిలో తవ్వకాల మీద 2019లో జరిగిన ఆందోళన గుర్తున్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గ్రానైట్‌లో సహజంగానే యురేనియం, థోరియం, పొటాషియం ఎక్కువ. ఆ మోతాదు రోజుకు లెక్క వేస్తే లెక్కలోకి రానంత చిన్నది. కోటి ఏళ్ళు, మరమ్మతు లేకుండా, గుణించుకుంటూ పోతే మాత్రం అదే చంపుతుంది. అంగారకుడి బసాల్ట్ రాయిలో (లావా గట్టిపడిన నల్లరాయి) ఈ మూలకాలు చాలా తక్కువ. ఆ లెక్కన అక్కడి నుంచి ఇక్కడికి వచ్చే సూక్ష్మజీవికి, నల్లగొండ గ్రానైట్‌లో ఎక్కి అటు పోయేదానికన్నా బతికే అవకాశం ఎక్కువ. తేలిగ్గా వదిలిపెట్టే గురుత్వం కూడా అంగారకుడిదే. భూమికీ అంగారకుడికీ మధ్య జీవం ప్రయాణించి ఉంటే అటు నుంచి ఇటు వచ్చిందనే అనుకోవడానికి మొగ్గు ఎక్కువ. ఎగిరిన రాళ్ళలో బహు కొద్ది మాత్రం సూటిగా, కొద్ది ఏళ్ళలోనే చేరుకుంటాయని కక్ష్యల లెక్కలు చెబుతాయి. ఆశ పెట్టుకుంటే వాటిమీదే పెట్టుకోవాలి.

దిగడం అనుకున్నంత ప్రమాదం కాదు, అలాగని తేలికా కాదు. ఉల్క గాలిలో మండేది పదుల సెకన్లే. ఆ కాస్త సమయంలో వేడి లోపలికి పాకదు. కరిగి నల్లబడే పైపొర మిల్లీమీటరు మందం. 2003 ఫిబ్రవరిలో కొలంబియా షటిల్ గాలిలో ముక్కలైనప్పుడు, కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయిన ఆ ప్రమాదంలో, ప్రయోగం కోసం డబ్బాల్లో పెట్టిన మిల్లీమీటరు పొడవు నులిపురుగులు శకలాల మధ్య బతికి దొరికాయి. కానీ 2007లో యూరప్ శాస్త్రవేత్తలు ఒక రష్యా ఉపగ్రహం వేడికవచానికి రాతి బిళ్ళలు బిగించి, వాటి వెనక సయనోబ్యాక్టీరియాను పూసి కిందికి దింపితే, రెండు సెంటీమీటర్ల రాయి మాటున ఉన్నవి కూడా బొగ్గయ్యాయి. అంతకన్నా మందం ఉంటేనే గట్టెక్కుతాయన్నమాట.

నక్షత్రం నుంచి నక్షత్రానికి? అదంతా వేరే కథ, చిన్న కథ. మనకు అతి దగ్గరి నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరం. వేరే నక్షత్రం వైపు నుంచి వచ్చి 2017లో మన సౌర కుటుంబం గుండా పోయిన ఔమువామువా అనే శకలం వేగంతో వెళ్ళినా అక్కడికి దాదాపు 50 వేల ఏళ్ళు. కాలం కన్నా గురి పెద్ద సమస్య. ఇక్కడి నుంచి బయటపడిన రాయి మరో నక్షత్రం చుట్టూ తిరిగే భూమిలాంటి గ్రహం మీద పడే అవకాశం దాదాపు లేదని మెలోష్ 2003లో లెక్క తేల్చాడు. పాలపుంతంతా జీవం విత్తనాలు చల్లుకుంటూ పోతోందనే మాట వినడానికి బాగుంటుంది, అంకెలు మాత్రం ఒప్పుకోవు.

ఇప్పుడు హైదరాబాద్ బెలూన్ల దగ్గరికి రావచ్చు. 2005 ఏప్రిల్ 20న ఎగిరిన బెలూన్ కింద 459 కిలోల పరికరాలున్నాయి. అందులో ముఖ్యమైనవి 16 ఉక్కు గొట్టాలు. లోపలి గాలిని పూర్తిగా తోడేసి, సూక్ష్మజీవి లేకుండా శుద్ధి చేసి, 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. ద్రవ నియాన్ అంటే సున్నాకు కింద 246 డిగ్రీల చలి. నిర్ణయించిన ఎత్తుకు చేరాక గొట్టం వాల్వు తెరిస్తే, లోపలికొచ్చిన గాలి ఆ చలికి వెంటనే గడ్డకట్టిపోతుంది. లోపల మళ్ళీ ఖాళీ, మళ్ళీ గాలి లోపలికి. పంపు లేకుండానే, 41 కి.మీ. ఎత్తున నేలమీది ఒత్తిడిలో నూరో వంతు కూడా లేని పలుచని గాలిని పెద్ద మొత్తంలో పోగుచేసే ఉపాయం ఇది. 20 నుంచి 41 కి.మీ. వరకు వేర్వేరు ఎత్తుల్లో నింపిన గొట్టాలు పారాచూట్‌తో దిగాక, వాటిని జీవశాస్త్ర పరిశోధన సంస్థలైన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని ఎన్‌సీసీఎస్ విడివిడిగా పరీక్షించాయి.

12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. బ్యాక్టీరియాలో తొమ్మిది జన్యు పోలికలో భూమ్మీద తెలిసినవాటితో 98 శాతానికి పైగా కలిశాయి. మూడు మాత్రం కొత్త జాతులు. జానిబ్యాక్టర్ హోయ్లీ, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై అని పేర్లు పెట్టి 2009లో ఇస్రో ప్రకటించింది. దగ్గరి బంధువుల కన్నా ఇవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి. పత్రికలు ‘అంతరిక్ష బ్యాక్టీరియా’ అని రాశాయి. ఇస్రో మాత్రం జాగ్రత్తగానే మాట్లాడింది. ఇవి భూమి బయటివని ఈ అధ్యయనం రుజువు చేయడం లేదని ఆ ప్రకటనలోనే ఉంది. ఆ వాక్యం చాలామంది చదవలేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఏమైందో చూస్తే సంగతి తేటపడుతుంది. ఆర్యభట్టై జాతి దేశదేశాల పొలాల మట్టిలో, మొక్కల వేళ్ళ దగ్గర దొరకడం మొదలైంది. దాని అతి దగ్గరి చుట్టం బాసిల్లస్ మెగాటీరియం. మట్టిలో కదలకుండా ఉన్న భాస్వరాన్ని పంటకు అందించడానికి రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లే పీఎస్‌బీ జీవన ఎరువు ప్యాకెట్లలో వాడేది అదే. ఇప్పుడు రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చారు. 2001 గొట్టాల నుంచి వేరుచేసి, బాసిల్లస్ స్ట్రాటోస్ఫెరికస్ అని పేరు పెట్టిన మరో జాతి 2012లో ఇంగ్లండ్‌లో వేర్ నది సముద్రంలో కలిసేచోట దొరికింది. అక్కడి పరిశోధకులు దాన్ని సూక్ష్మజీవులతో కరెంటు తీసే సెల్‌లో వాడుకున్నారు కూడా. స్ట్రాటోస్ఫియర్ పేరు పెట్టుకున్నది నదీముఖంలో ఉంది, ఆర్యభట్ట పేరు పెట్టుకున్నది పాలమూరు చెలకలో ఉన్నా ఆశ్చర్యం లేదు. ఎత్తులో ముందు కనబడింది కాబట్టి ఎత్తు నుంచే వచ్చిందనుకోవడానికి లేదు. నేలమీద అంతకుముందు వెతకలేదు, అంతే.

దీనికి, జీవం అంతరిక్షం నుంచే వస్తోందని వాదించే విక్రమసింఘే వైపు నుంచి ఒక జవాబుంది. 41 కి.మీ. ఎత్తుకు నేల నుంచి కణాలు లేవడం కష్టం, లేచినా అక్కడి పలుచని గాలిలో నిలబడవు, కాబట్టి పైనుంచే పడుతూ ఉండాలి అని. ఇందులో కొంత బలముంది. మామూలు గాలివాన అంత ఎత్తుకు మట్టిని మోయలేదు. అయితే 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ మేఘం 57 కి.మీ. దాకా లేచింది. దారి లేదని ఇక అనలేం. వాళ్ళు చెప్పే ఇంకో మాట మరీ బలహీనం. భూమ్మీది బ్యాక్టీరియాతో పోలికలున్నాయి కదా అంటే, భూమ్మీది బ్యాక్టీరియా కూడా అంతరిక్షం నుంచి నిరంతరం వస్తున్నదే అంటారు. పోలిక లేకుంటే బయటిది, పోలిక ఉంటే కూడా బయటిదే. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని వాదాన్ని పరీక్షించడానికి బెలూన్ ఎందుకు? 2001లో కేరళలో పడిన ఎర్రవాన విషయంలోనూ ఇదే జరిగింది. ఆ రంగు చెట్ల బెరడు మీద పెరిగే ట్రెంటీపోలియా అనే నాచు బీజాలదని పరీక్షల్లో తేలినా, అవి తోకచుక్క కణాలన్న మాట ఏళ్ళ తరబడి తిరిగింది.

మూడో అవకాశం ఉంది, అదే అందరికన్నా ముందు అడగాల్సింది. పెట్టెతోపాటే కింద నుంచి పోయాయా? ఇది హైదరాబాద్ ప్రయోగాన్ని తక్కువ చేయడం కాదు, వాళ్ళు తీసుకున్న జాగ్రత్తలు గట్టివే. కానీ జాగ్రత్తల చరిత్ర వినయం నేర్పుతుంది. 1967లో చంద్రుడి మీద దిగిన సర్వేయర్ 3 కెమెరాను 1969లో అపోలో 12 వ్యోమగాములు విప్పి తెస్తే అందులో స్ట్రెప్టోకాకస్ దొరికింది. రెండున్నరేళ్ళు చంద్రుడి మీద బతికిందని పుస్తకాల్లోకెక్కింది. తర్వాత పాత ఫొటోలు, రికార్డులు తిరగేస్తే, భూమ్మీద పరీక్షించేటప్పుడు చేతుల నుంచి అంటుకున్నదే అయివుండాలని తేలింది. వ్యోమనౌకలు కట్టే శుభ్రమైన గదుల్లో రోజూ మందు కొట్టి కడిగినా మిగిలిపోయే జాతులున్నాయి. ఫ్లోరిడాలో ఒక గదిలో, ఫ్రెంచి గయానాలో ఇంకో గదిలో దొరికిన టెర్సికాకస్ ఫినీసిస్ అలాంటిదే. ఇక 2024లో లండన్ పరిశోధకులు చెప్పినది ఇంకా ఆలోచింపజేస్తుంది. జపాన్ హయబుసా 2 నౌక ర్యుగు గ్రహశకలం నుంచి 2020లో తెచ్చిన 5.4 గ్రాముల మట్టిలో ఒక రేణువు మీద సన్నని కడ్డీల్లాంటి బ్యాక్టీరియా కనిపించింది. వారాలు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరిగి, తగ్గింది. ఆ పెరిగే తీరే అవి లండన్‌లో అంటుకున్నవని పట్టించింది. ఇంత కట్టుదిట్టంగా కాపాడిన మట్టిని కూడా మన బ్యాక్టీరియా కొన్నాళ్ళలోనే ఆక్రమించగలిగింది.

అంగారకుడి మీద రేపు బతికున్నదో శిలాజమో ఏదైనా దొరికితే ఇదే తగువు పెద్ద ఎత్తున వస్తుంది. పర్సీవరెన్స్ రోవర్ జెజెరో బిలంలో సేకరించిన, బురద గట్టిపడి ఏర్పడిన ఒక రాయిలో జీవం ఆనవాళ్ళు కావచ్చనిపించే మచ్చలున్నాయని 2025 సెప్టెంబరులో ప్రచురించారు. అవి నిజంగా జీవానివే అని, అందులో అణువులు కూడా మిగిలాయని అనుకుందాం. మనలాంటి డీఎన్‌ఏ, మనలాంటి ‘ఎడమచేతి’ అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ల ఇటుకలు, అద్దంలో బింబాల్లాంటి రెండు రూపాల్లో భూమ్మీది జీవం వాడేది ఎడమదాన్నే) కనిపిస్తే మూడు కథలు చెప్పుకోవచ్చు: మన రోవరే తీసుకుపోయింది, ఎప్పుడో మన రాయి మోసుకుపోయింది, లేదా మనమే అక్కడి నుంచి వచ్చాం. పూర్తిగా వేరే రసాయనమైతే చిక్కే లేదు, జీవం రెండుచోట్ల విడివిడిగా పుట్టిందన్నమాట. దొరికినది మనల్ని ఎంతగా పోలి ఉంటే ఏ కథ నిజమో చెప్పడం అంత కష్టం. మొదటి కథను మిగతా రెండింటి నుంచి వేరు చేసేది జన్యు దూరం. 350 కోట్ల ఏళ్ళ క్రితం విడిపోయిన చుట్టం అయితే వంశవృక్షంలో మన బ్యాక్టీరియా కొమ్మలన్నింటికీ అవతల, మొదట్లో ఎక్కడో చీలి ఉండాలి. 98 శాతం కలవకూడదు. హైదరాబాద్ బెలూన్ తెచ్చిన తొమ్మిదింటి మీద ఈ కొలబద్ద పెడితే జవాబు అప్పటికప్పుడే వచ్చేది.

ఇంకో కొలబద్ద ఐసోటోపులది, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులది. అంగారకుడి నీటిలో బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, భూమి నీటిలోకన్నా ఐదారు రెట్లు ఎక్కువ. రోసెటా నౌక 67పి తోకచుక్క దగ్గర కొలిస్తే మూడు రెట్లు ఉంది. అక్కడి నీరు తాగి పెరిగిన సూక్ష్మజీవి తన కొవ్వుల్లో, ప్రొటీన్లలో ఆ గుర్తు మోసుకుని రాక తప్పదు. 2001, 2005 గొట్టాల్లోని కణాలను ప్రయోగశాలలో పోషకాలు పోసి పెంచి చూశారు. రెండు మూడు తరాలు పెరిగాయంటే అవి హైదరాబాద్ నీటితో, పుణె నీటితో కొత్తగా ఒళ్ళు కట్టుకున్నట్టే, పాత గుర్తు చెరిగిపోయినట్టే. ఒక్కొక్క కణం ఐసోటోపులను కొలవగల అయాన్ సూక్ష్మదర్శినులు ఇప్పుడున్నాయి. అలాంటి బెలూన్ మళ్ళీ ఎగిరితే, పెట్టె ఏ ఊరి చేలో దిగినా, గొట్టాల్లో దొరికిన కణాలను పెంచకముందే, కొన్నింటినైనా అలా కొలవాల్సి ఉంటుంది.